నీళ్లకు ఉత్తరం చదవడం రాదు

మా కట్టెల సార్ పోయారని ల్యాబ్ అటెండరు ఫోన్ చేసినప్పుడు నేను తార్నాక మెట్రో మెట్లు దిగుతున్నాను. "సార్ పోయిన్రమ్మా. పొద్దున టీ తాగి కూసున్న కుర్చీలనే," అన్నాడు. పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, సోమవారం కోర్టు వాయిదా. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

అడవిలో దొంగతనంగా నరికిన దుంగలు పట్టుబడితే, అటవీ శాఖ వాళ్లు చిన్న ముక్క కోసి మా యూనివర్సిటీకి పంపుతారు. అది ఏ చెట్టో మేం రాసి ఇస్తాం. చాలా కేసులు ఆ కాగితం మీదే నిలబడతాయి. రిటైరైనా సార్‌ను విభాగం వదల్లేదు, ఆ పని వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆయన దగ్గర నేర్చుకుంటున్నది నేనొక్కదాన్నే.

ఆయనది కడప వైపు, ఎర్రచందనం పెరిగే కొండల కింద ఊరు. ఏ బల్ల కనిపించినా వేలి కణుపుతో తట్టి చూసేవారు. ముషీరాబాద్‌లో ఒక ఫర్నిచర్ దుకాణం ముందు ఇలాగే మంచం తట్టి "ఇది టేకు కాదబ్బా" అన్నారట. ఇంకోసారి ఆయన అటు వెళ్తే దుకాణదారు తనే కుర్చీ వేసి, టీ తెప్పించి, "మీరు చాయ్ తాగి పోండి సార్, మంచాన్ని ముట్టకున్రి, గిరాకీ పోతది" అని బతిమాలాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ సార్ ముందుగా తనే నవ్వేవారు.

నేను కాన్వెంట్‌లో చదివాను. అడిగితే తప్ప మాట్లాడకపోవడం నాకు అలవాటు. "ఏం మ్మా, సిస్టర్లు నోటికి తాళమేసి చెవి వాళ్ల దగ్గరే పెట్టుకున్నారా?" అనేవారు. కానీ ముక్కలు చూసేటప్పుడు నా మౌనం ఆయనకు పనికొచ్చేదని నాకు తెలుసు.

మొదటి ఏడాది ఒక ముక్క వచ్చింది. దాంతోపాటు వచ్చిన ఉత్తరంలో ఎర్రచందనం అని ఉంది. చూశాను, ఎర్రగానే ఉంది. రిపోర్టు రాసి తీసుకెళ్లాను. సార్ చదివి పక్కన పెట్టారు. ఆ ముక్క నుంచి చిన్న పేడు తీసి గాజు గ్లాసులో నీళ్లు పోసి వేశారు. గ్లాసు కిటికీలో పెట్టి, టీకి పోదాం పద అన్నారు. అది ఆయన పద్ధతి. ముక్క నానేంతసేపు దాని ముందు కూర్చోకూడదు. కూర్చుంటే మనకు కావలసిన రంగే కనిపిస్తుందట.

తిరిగి వచ్చేసరికి నీళ్లు లేత బంగారు రంగుకు తిరిగాయి. ఎండ తగిలిన అంచున నీలంగా మెరుస్తున్నాయి. అది వేగిస. షుగర్ ఉన్నవాళ్లు గ్లాసులు చేయించుకుని నీళ్లు తాగుతారే, ఆ చెట్టు. ఎర్రచందనం తన రంగును చన్నీళ్లకు అంత తేలిగ్గా ఇవ్వదు.

"చూడు మ్మా, నీళ్లకు ఉత్తరం చదవడం రాదు. అందుకే నిజం చెప్తాయి," అన్నారు.

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు. "నరికినోడు దొరుకుతాడు, కొనేటోడు దొరకడు. మనం తప్పు రాస్తే ఆ దొరికినోడు చెయ్యని తప్పుకు కూడా లోపలికి పోతాడు. చేసినదానికే శిక్ష పడాల."

అప్పటి నుంచి మా ల్యాబ్‌లో ఒకటే నియమం. పార్సిల్ విప్పగానే ఉత్తరాన్ని బోర్లా పెట్టాలి. ముక్కను చూసి, పేరు రాశాకే తిప్పాలి.

ఈ ఏడాది వచ్చిన ఒక ముక్క విషయంలో నేను ఆ నియమం తప్పాను. సార్‌కు ఒంట్లో బాగాలేదు, కంట్లో శుక్లం. ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. పార్సిల్ విప్పుతూ ఉత్తరం చదివేశాను. ఎర్రచందనం. మైక్రోస్కోపులో అన్నీ సరిపోయినట్టే కనిపించాయి. సరిపోయాయా, సరిపోవాలని చూశానా? నీళ్లలో వేయలేదు. ఆయన సంతకం పెట్టే ముందు, "నువ్వు చూసినావు కదా?" అని మాత్రం అడిగారు. చూశానన్నాను. ఉత్తరం సంగతి చెప్పలేదు.

ఆ కేసులో దుంగలతో పట్టుబడ్డ లారీ డ్రైవరు ఇంకా జైల్లోనే ఉన్నాడు. సోమవారం వాయిదా ఆ కేసుదే. "బోనెక్కేది నేను, నువ్వు ఫైలు పట్టుకో చాలు," అని సార్ ధైర్యం చెప్పారు. ఇప్పుడు ఎక్కాల్సింది నేను.

తార్నాకలో ఆయన ఫ్లాట్‌కు వెళ్లాను. హాలు నిండా జనం. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "నీ గురించి ఆయనకు ఏ బెంగా లేదమ్మా," అన్నారు. నేను తల ఎత్తలేకపోయాను. బయటికి వస్తూ గుమ్మాన్ని చూశాను. రోజూ ఆయన తట్టే చోట రంగు పోయి నున్నగా ఉంది.

ఈ రోజు ఆదివారం. అటెండరును బతిమాలి ల్యాబ్ తీయించాను. బీరువాలో ఆ కేసు ముక్కలో మేం దాచుకున్న సగం ఉంది. ఉత్తరాన్ని బోర్లా పెట్టాను. చదివేసిన ఉత్తరాన్ని బోర్లా పెట్టి ఏం లాభమో తెలియదు, అయినా పెట్టాను. చిన్న పేడు తీసి నీళ్లలో వేశాను. రేపు బోనులో ఈ నీళ్లు చెప్పిందే చెప్తాను. ముందు ఉత్తరం చదివానని కూడా చెప్తాను.

గ్లాసును ఆయన కిటికీలోనే పెట్టి టీకి బయల్దేరాను. చెట్ల కింద కొంత దూరం నడిచి వెనక్కి తిరిగాను. ఎండ అప్పుడే కిటికీ అంచుకు చేరుతోంది. గ్లాసు కనిపిస్తోంది. అంత దూరం నుంచి రంగు తెలియడం లేదు.