ఏమీ జరగలేదని రాసిన నివేదిక

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను సికింద్రాబాద్‌లో, తిరుమలగిరి దగ్గరి భూచలన గణన విభాగానికి అధిపతిగా వేశారు. అండమాన్ దీవుల్లో కాంక్రీటు స్తంభాల మీద అమర్చిన జీపీఎస్ యంత్రాలు రోజూ పంపే కొలతలను సరిచూడడం మా పని. అక్కడ ఒక భూఫలకం మరొకదాని కిందికి దిగుతుంది. రెండూ అతుక్కుని ఉన్నంత కాలం స్తంభాలు ఏటా కొద్ది మిల్లీమీటర్లు ఒకే దిశలో కదులుతాయి. అతుకు సడలితే కుదుపేమీ లేకుండా, వారాల తరబడి వెనక్కి జరుగుతాయి. దీన్ని నెమ్మది జారుడు అంటాం. కొన్ని పెద్ద భూకంపాలకు ముందు ఇది కనబడింది. అన్నిటికీ కాదు.

ఖాజా మా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. పూర్వం ఆ దీవుల్లోనే ఒకదానిలో పరిశీలకుడిగా ఉండగా, భూకంపానికి షెడ్డు గోడ కూలి కాలు విరిగింది. అప్పటి నుంచి కుంటుతూ నడిచేవాడు. ఒక ఉదయం గ్రాఫు తెచ్చి, "సార్, జరుగుతున్నది" అన్నాడు.

"ఏం జరుగుతున్నది?"

"పిల్లర్ జరుగుతున్నది సార్, ఎనకకు. సునామీ వస్తదేమో, ఒడ్డు మీదున్న మన అబ్జర్వర్లిద్దరిని జెర గుట్ట మీదికి పంపుండ్రి."

వానలకు పునాది వదులైందన్నాను. అలాంటి తేడాను సవరణగా తీసేసి, రిజిస్టర్‌లో రాసి, పక్కన పొడి సంతకం పెట్టడం మా పద్ధతి.

"రెండు పిల్లర్లు సార్. రెండూ మాట్లాడుకొని ఒక్క దిక్కే వదులైతయా?"

మా వంశంలో ఎదురు మాట పడ్డవారు లేరు. మా దొరల గడీ పోయినా నాకు ఆ అలవాటు పోలేదు. గట్టిగా మందలించాను.

"మీరు గద్దిస్తె నేనాగుత సార్. అది ఆగుతదా?"

పునాదులు వదులవడం మామూలేనని చూపించి అతని నోరు మూయించాలని పాత సవరణల రిజిస్టర్ తెప్పించాను. ఒక పేజీ దగ్గర నా వేలు ఆగిపోయింది. అవే రెండు స్తంభాలు, అదే దిశ, ఐదు వారాల కదలిక. సవరణ పక్కన, అప్పట్లో ఇక్కడే గణకుడిగా ఉన్న నా పొడి సంతకం. ఖాజా కాలు విరిగిన భూకంపం ఆ తర్వాత తొమ్మిదో రోజున వచ్చింది. దాని నివేదిక కూడా నేనే రాశాను: "ముందుగా ఏమీ జరగలేదు."

రిజిస్టర్‌ను అతని వైపు తిప్పాను. పేజీ మీదికి వంగి చదివాడు.

"అప్పుడు సుత జరిగిందా సార్?"

"జరిగింది" అన్నాను.

మధ్యాహ్నంలోగా ఆ ఇద్దరినీ గుట్ట మీదికి పంపమని ఉత్తర్వు ఇచ్చాను. ఆ తర్వాత నాలుగో వారంలో జారుడు ఆగిపోయింది. భూకంపం రాలేదు.

కాబట్టి నాటి కదలికే ఆ భూకంపానికి సూచన అని చెప్పలేను, కాదనీ చెప్పలేను. తీసేసిన కొలతను ఎవరూ ఏమీ అడగలేరు. విరమణ దాకా మా విభాగంలో అసలు కొలత పక్కనే సవరణ రాయించాను. ఏమీ జరగలేదని రాసే ముందు, నా సంతకాలున్న పేజీలే మొదట తెరిచేవాణ్ణి.