ఆదివారం మందుకు సెలవు

మా పెద్దబిడ్డ పోయింది. పోయిన నెల ఒక ఆదివారం రాత్రి నిద్రలోనే ఫిట్స్ వచ్చి పోయింది. పక్కనే పడుకున్న నాకు తెలియలేదు. చర్లలో మీరంతా ఆమెను బాల్వాడీ ఆయాగా ఎరుగుదురు. ఇంట్లో ఎట్లా ఉండేదో నాకు తెలుసు, అది చెప్పాలనిపించింది.

చిన్నప్పుడు మూర్ఛ వస్తే వాడకట్టువాళ్లు పరుగెత్తుకొచ్చి చేతిలో తాళంచెవులు పెట్టేవారు. ఒకసారి తెలివి రాగానే గుప్పిట విప్పి చూసుకుని, "మనింటికి తాళమే లేదు గదనే అమ్మా, ఈ చెవులు యాడికెల్లి వచ్చినయ్?" అంది. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

భద్రాచలంలో డాక్టరు గోలీలు రాసిచ్చాడు. రోజూ వేసుకోవాలి, ఒక్క రోజు కూడా తప్పవద్దన్నాడు. వాటి ధర మాకు అందేది కాదు. చేతిలో ఉన్నంత మేరకు మందుల షాపతను అట్ట కత్తిరించి ఇచ్చేవాడు.

"బస్సుకిరాయి పెట్టుకొని వచ్చినం అన్నా, ఒకటి కొసరెయ్యి" అనేది నా బిడ్డ.

"కొసరెయ్యనీకి ఇవి వంకాయలా చెల్లె?" అనేవాడు. ఇద్దరూ నవ్వేవారు. కొసరు మాత్రం పడేది కాదు.

తెచ్చినవి నెలకు చాలవు. అందుకని తనే ఒక పద్ధతి పెట్టుకుంది. బాల్వాడీ ఉన్న రోజు వేసుకునేది, ఆదివారం మానేసేది.

"తప్పొద్దన్నడు గద బిడ్డా డాక్టరు సారు" అని బతిమాలేదాన్ని.

"పోరగాండ్ల ముంగట పడితే జడుసుకుంటరే. నీ ముంగట పడితే నువ్వు పట్టుకుంటవ్. మందుకు గూడ ఒక రోజు సెలవుండాలె" అనేది.

అట్లా వారమంతా ఆమె ఊరి పిల్లలది, ఆదివారం నాది. ఆ రోజు పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ పోనిచ్చేదాన్ని కాదు. "బర్రెకు గూడ ఇంత కాపలా ఉండదు" అని గొణుగుతూనే నా ముందు కూర్చుని తల దువ్వించుకునేది. మూర్ఛ వచ్చి తగ్గాక నా ఒడిలోనే నిద్రపోయేది. అరుగు మీద ఎండ జరిగి ఆమె ముఖం మీదికి వస్తే కొంగు అడ్డం పట్టేదాన్ని.

లేచి, "శానాసేపు పండుకున్ననానే?" అని అడిగేది.

"లేదు బిడ్డా, ఇప్పుడే" అనేదాన్ని.

ఇప్పుడు కూడా ఆదివారం పూట అరుగు మీద కాళ్లు చాపి కూర్చుంటాను. ఎండ మెల్లగా జరిగి ఒట్టి ఒడిలోకి వస్తుంది. నా చెయ్యి కొంగు మీదికి పోతుంది.