ముందు బ్రేకులో గాలి

నాకు పిల్లనిచ్చిన మావయ్య పాతికేళ్లుగా భావనపాడులో పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. నడిసముద్రంలో పైపులో గాలి చేరి ఆగిపోయిన ఇంజనుకు ఆయన చెయ్యి తగిలితే చాలని ఊళ్లో అంటారు. నిజమే కావచ్చు. ఆ ఆదివారం మాత్రం, ఈయనకు ఆ విద్య రాకపోయి ఉంటే ఎంత బాగుండునని కనీసం యాభైసార్లు అనుకున్నాను.

సెలవులకు తాతగారింటికి వెళ్లిన మా అమ్మాయిని టెక్కలి తీసుకొచ్చేద్దామని పొద్దున్నే బండి మీద బయల్దేరాను. మర్నాడు బడి. నౌపడ రైలు గేటు దగ్గర నా ముందున్న ఉప్పు లారీ ఆగింది. ముందు బ్రేకు నొక్కితే లివరు మెత్తగా పోయి హ్యాండిలుకు ఆనుకుంది. వెనక బ్రేకు బలంగా తొక్కి, లారీకి జానెడు దూరంలో ఆగాను. తిరిగొచ్చేటప్పుడు మా అమ్మాయి కూర్చునేది నా ముందు, ట్యాంకు మీద. దానికి ఐదేళ్లు.

చూస్తే బ్రేకు పైపు మొదట్లో బోల్టు వదులై ఆయిలు కారిపోయింది. బోల్టు బిగించి, తెరిచి ఉన్న ఒకే ఒక్క కొట్లో రెండు డబ్బాల బ్రేకాయిలు కొని, వెనక బ్రేకుతోనే మెల్లగా భావనపాడు చేరాను. ఇక పైపులో చేరిన గాలి తీయాలి. మా టెక్కలి మెకానిక్కు పక్కన కూర్చుని చాలాసార్లు చూశాను కనుక పద్ధతి నాకు తెలుసు. కానీ దానికి ఇద్దరు కావాలి. పైన లివరు నొక్కడానికొకరు, కింద చక్రం దగ్గర గాలి వదిలే స్క్రూ తిప్పడానికొకరు. ఆ రెండో మనిషి మావయ్య కావడం నా ఖర్మ.

"గాలేనా? నువ్వు లివరు కాడుండు అల్లుడూ. నాను సూస్తాను" అంటూ పానా పట్టుకుని చక్రం దగ్గర కూలబడ్డాడు. స్క్రూ వదులు చేసి "కొట్టు" అన్నాడు.

నొక్కాను. బుడగలతో ఆయిలు వచ్చింది. వదిలాను. స్క్రూ అలాగే తెరిచి ఉంది. "కొట్టు, కొట్టు" అన్నాడు.

పడవ ఇంజనుకు అదే పద్ధతి. స్క్రూ తెరిచి ఉంచి, నురగ పోయి డీజిలు తేటగా వచ్చేదాకా చేతిపంపు కొడుతూనే ఉండాలి. బండి బ్రేకుకు అలా కుదరదు. లివరు వదిలేముందే స్క్రూ బిగించెయ్యాలి. లేదంటే వదిలిన ప్రతిసారీ అదే కంతలోంచి గాలి మళ్లీ లోపలికి పోతుంది. మేం చేస్తున్నది చిల్లుకుండలో నీళ్లు పోయడం.

ఆ ముక్క చెప్పేయొచ్చు కదా. చెప్పలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది లేదు. డొంకతిరుగుడుగా ప్రయత్నించాను.

"మా మెకానిక్కు మజ్జిమజ్జిన బిగిస్తాడు మావా."

"ఆడికి పని రాదు. కొట్టు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బుడగ వచ్చినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది. "సూసినావా, ఎంత గాలున్నాదో" అనేవాడు. ఆ గాలి మనమే ఎక్కిస్తున్నామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఒక డబ్బా ఖాళీ. అత్తయ్య పెట్టిన చేపల పులుసు కూడా రుచించలేదు. తిని మళ్లీ కూర్చున్నాం. నా వేళ్లు వాచాయి.

మూడింటికి రెండో డబ్బా అడుగంటింది. లివరు మెత్తగానే ఉంది. ఇక నా వల్ల కాలేదు. "సరిపోనాది మావా, బాగానే పడతన్నాది" అనేశాను. మెల్లగా పోయి రేపు మెకానిక్కుకు చూపించుకోవచ్చు, ముందు ఇక్కణ్నించి బయటపడితే చాలనిపించింది.

మా అమ్మాయి సంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మావయ్య ఎత్తి ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. ఆ చేత్తోనే లివరు నొక్కి చూశాడు. అది హ్యాండిలుకు ఆనుకుంది. వెంటనే పిల్లని కిందికి దించేశాడు.

"ఇది బాగున్నాదా అల్లుడూ?"

అప్పుడు తెగింది నా ఓపిక. "ఎలా బాగుంటాది? ఒగ్గేముందు స్క్రూ బిగించాల. పొద్దున్నుంచీ మనం గాలి తీత్తలేదు, ఎక్కిస్తన్నాం."

కోప్పడతాడనుకున్నాను. ఆయన స్క్రూ వంక, లివరు వంక చూశాడు. "అంటే ఇది ఎనక్కి పీలుస్తాదన్నమాట" అని మళ్లీ చక్రం దగ్గర కూర్చున్నాడు. "నొక్కి పట్టు. ఆ, బిగించినాను, ఒగ్గు." మిగిలిన కాస్త ఆయిలుతోనే పావుగంటలో లివరు గట్టిపడింది.

అయినా పిల్లని ఎక్కనివ్వలేదు. "ముందు నన్నెక్కించుకో" అని వెనక కూర్చుని, సముద్రం దాకా పోనిచ్చి మూడుసార్లు గట్టిగా బ్రేకు వేయించాడు. మూడుసార్లూ బండి చెప్పినట్టు ఆగింది. ఇంటి ముందు దిగాక అడిగాడు.

"ఇది నీకు పొద్దున్నే తెలుసా?"

"తెలుసు."

"మరి సెప్పనేదేటి?"

"పెద్దోడివి, ఎలా సెప్పను మావా."

ఆయన గొంతు పెంచలేదు. "నాకు తెల్దు గనక తప్పు సేసినాను. నువ్వు తెలిసీ ఈ గుంటని, పసిపిల్లని ఎక్కించుకు పోదావనుకున్నావు."

పొద్దున్నుంచీ ఆయన మీద పెంచుకున్న కోపమంతా నా మీదికే తిరిగింది. సిగ్గేసింది.

ఆయన పిల్లని ఎత్తి ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు బాగానే ఉందని నేను చెబుతూనే ఉన్నాను. వినిపించుకోకుండా, తన చేత్తో మరోసారి లివరు నొక్కి చూసుకున్నాడు.