నోల్ఫా చూడబోయిన మంచునది

దీవిమీది దాల్కావే ఊరి సంతలో పొగబెట్టిన ఆలిచిప్పలు అమ్మే నోల్ఫాకు మొగుడి ఉద్యోగం మీద మొదట్నుంచీ గుర్రే. ఆమె మొగుడు ఎలాడియో, యాత్రికుల ఓడ మీంచి నీళ్ళలోకి దించే చిన్న పడవ నడిపేవాడు. వేసవి వస్తే చాలు, దక్షిణాన సముద్రం దాకా దిగే మంచునదుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. పిల్లలిద్దరూ అతను ఊళ్ళో లేనప్పుడే పుట్టారు. తిరిగొచ్చాక ఆ మంచు అందం గురించి చెప్పిందే చెబుతుంటే ఆమెకు ఒళ్ళు మండేది.

"నా సవతి కులాసాయేనా?" అని ఎత్తిపొడిచేది.

ఉద్యోగంలో అతని ఆఖరి ప్రయాణానికి భార్యను తెచ్చుకోనిచ్చారు. నోల్ఫా కొత్త శాలువా అల్లుకుని మరీ ఓడెక్కింది. పేనాస్ అఖాతంలో గాలి అందుకుంది. దీవిలో పుట్టి పడవల్లో పెరిగిన మనిషి, వాంతులతో బకెట్టు కావలించుకుని పడుకుంది. పని మధ్యలో ఎలాడియో పరుగున వచ్చి మొహం తుడిచేవాడు, చెంచాతో గోరువెచ్చని నీళ్ళు పట్టేవాడు. బకెట్టు తనే కడిగేవాడు. కాపురంలో అతని చేత సేవ చేయించుకోవడం ఆమెకదే మొదలు. సిగ్గుతో గోడవైపు తిరిగేది.

మంచునది దగ్గరికి చేరేసరికి వాన అడ్డంగా కొడుతోంది. పడవలు దించొద్దన్నాడు కెప్టెన్. అయినా ఎలాడియో ఆమెకు తన వానకోటు తొడిగి, నడుం చుట్టూ చెయ్యివేసి ఓడ పైతట్టు మీదికి నడిపించాడు. ఎదురుగా పొగమంచు తప్ప ఏమీ లేదు.

"అక్కడే... ఆ ఎడంపక్క..." అతను వేలు చాపి చూపించాడు. "ఇంత దూరం వచ్చి చూడలేకపోయావే ముసలీ! కాస్త ముందే తీసుకురావాల్సింది."

అంతలో పొగమంచు లోపల కొండ విరిగిపడ్డట్టు చప్పుడైంది. కాసేపటికి ఓడ ఊగింది. నోల్ఫా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ రబ్బరు పడవేసుకుని దీని కిందికా వెళ్ళేది నువ్వు?"

"మరీ కిందికి కాదులే. కొంచెం ఎడంగా."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే పోనిచ్చేదానివా?"

భయపడాల్సిన వేసవులన్నీ నోల్ఫా ఉత్త కోపంతో గడిపేసింది. "సిగ్గులేని ముసలోడా" అంటూ అతని టోపీ చెవుల మీదికి లాగి, తడిసిన గడ్డం శాలువా కొంగుతో తుడిచింది.

తిరుగుదారిలో సముద్రం నెమ్మదించింది. ఆకలేస్తోందంటే వంటగదిలోంచి వేడి రొట్టె తెచ్చాడు. ఇనుప మెట్ల మీద పక్కపక్కన కూర్చుని తిన్నారు.

ఇప్పుడతను ఇంటిపట్టునే ఉంటున్నాడు. "కాళ్ళకడ్డం, కాస్త తప్పుకో!" అని నోల్ఫా విసుక్కోవడం పక్కింటిదాకా వినిపిస్తుంది. అతను బయటికెళ్ళి రావడం ఏమాత్రం ఆలస్యమైనా, వాకిట్లోకొచ్చి నిలబడేదీ ఆమే.