ఏ బండి మంచిది సారూ?

"అక్కా, సారు పోయిండు."

తమ్ముడు ఫోన్‌లో ముందు ఆ ఒక్క మాటే అన్నాడు. చేవెళ్ల దవాఖానలో పొద్దుటి డ్యూటీలో ఉన్నాను. చేతిలో సూది, ఎదురుగా భయంతో కళ్లు గట్టిగా మూసుకున్న ఒక ముసలాయన. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇంట్లో సారు అంటే ఒక్కరే. మొయినాబాద్‌లో మా ఇంటి ఎదుటి మైదానంలో ఇన్నేళ్లూ జనానికి కారు నేర్పిన డ్రైవింగ్ సారు. జ్వరమని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. ముసలాయనకు సూది వేసి, పక్క గదిలోకి పోయి ఏడ్చాను. ఏడుస్తుంటేనే మా అమ్మ మీద కోపం వచ్చింది. ఆ కోపం మీకు అర్థం కావాలంటే సారు సంగతి మొదటి నుంచి చెప్పాలి.

సారు కారు మన దేశంలోనే పుట్టి పెరిగిన కారు. దాని పేరు చెప్పను, ఉన్న పరువు ఇప్పటికే చాలా పోయింది. తలుపు ఒకసారి వేస్తే పడేది కాదు. హారన్ మోగేది, ఇండికేటర్ మాత్రం మనసు పుడితేనే వెలిగేది. సారు పక్క సీట్లో కూర్చునేవారు, భుజం మీద తువ్వాల, కాళ్ల కింద తన కోసం వేరే బ్రేకు. మనం తప్పు చేస్తే తిట్టరు, తువ్వాలతో అద్దం తుడుస్తారు. తుడవడం మొదలుపెట్టారంటే మన పని అయిపోయినట్టే.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లెవరికైనా ఒక పాడలవాటు ఉంటుంది. మలుపు తిరగాలంటే చెయ్యి బయట పెట్టాలి. కుడికి తిరుగుతుంటే చెయ్యి చాచి, ముంజేయి వంగకుండా, వెనకవాడికి కనిపించేలా. పొద్దున లేస్తే మా వంటింట్లోకి ఆయన కేక వినిపించేది. "చెయ్యి! చెయ్యి బయటికి!" అమ్మ బియ్యం కడుగుతూ విసుక్కునేది, "సచ్చినోడు సుప్రభాతం మొదలువెట్టిండు" అని. ఇండికేటర్ ఉండగా ఇదెందుకు సార్ అని ఒకసారి అడిగాను.

"లైటు ఎలిగిందో లేదో లోపల కూసున్న నీకు కనవడది బిడ్డా. నీ చెయ్యి నీకు కనవడ్తది."

ఆ రోజుల్లోనే మా వైపుకి సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆఫీసులు అటు నగరంలో లేచాయి, వాటి శని, ఆదివారాలు మాత్రం మా దగ్గరికి వచ్చేవి. జొన్న చేలకు గోడలు, గోడలకు గేట్లు, గేట్లలోకి చప్పుడు లేకుండా జారిపోయే కార్లు. భూమి అమ్మినవాళ్లు కూడా ముందు కొన్నది ఫారిన్ బండే. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లకన్నా ముందు బండి మాటే. మనదా, బయటిదా? బయటిదైతే ఓడలో వచ్చిందా, ఇక్కడ బిగించిందా? ఓడలో వచ్చిందంటే ఆ మనిషికి కుర్చీ వేసేవాళ్లు.

ఒకసారి ఒక పెళ్లికి మమ్మల్ని సారే తన కారులో తీసుకెళ్లారు. ఫంక్షన్ హాల్ వాచ్‌మన్ ఫారిన్ బండ్లను పూలతోరణం ముందు వరసగా నిలబెట్టించి, మా కారును చూడగానే చేత్తో వెనక్కి పొమ్మన్నాడు, వంటలు చేసే వైపు. నాకు తల కొట్టేసినట్టయింది. సారు స్టీరింగ్ తిప్పుతూ, "మంచిగైంది పో! బగారా అన్నం కాడికి మనమే ముందుగాల పోతం" అన్నారు. అమ్మ ఆ రోజు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. అప్పట్లో అమ్మకు సారంటే అంత ఇష్టం.

బాపు పోయాక అమ్మకు తమ్ముడే లోకం. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, కారు కొనాలనుకున్నప్పుడు స్నేహితులంతా ఫారిన్ బండే తీసుకోమన్నారు. వాడి కళ్లూ దాని మీదే ఉన్నాయి. అయినా సారును అడగనిదే ఎట్లా కొంటాడు? మా అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి మరీ అడిగాడు.

"ఏ బండి మంచిది సారూ? మనదా, బయటిదా?"

"మనదే తీస్కో," అన్నారు సారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "మన ఊర్ల గా ఫారిన్ బండికి లైటు పగిలితే ఏమైందో సూసినవ్ గదా? వానకాలమంత షెడ్డుల ఉండె. కోళ్లు గుడ్లు వెట్టినయ్ అండ్ల. మనదైతే చేవెళ్లల ఎవడన్న బాగుచేస్తడు. ఏం ఫికర్ జెయ్యకు."

కోళ్ల మాట నిజమే, మేమందరం చూసిందే. తమ్ముడు మన దేశం కారే కొన్నాడు. సారే దాని టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు.

ఆ ఏడాది తిరగకముందే, ఒక సాయంత్రం మసక వెలుతురులో, తమ్ముడు ఆలూరు నుంచి వస్తుంటే ముడిమ్యాల దాటాక రోడ్డు మీద దీపం లేకుండా ఆపి ఉన్న ట్రాక్టర్ ట్రాలీకి గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి పనికిరాకుండా పోయింది.

తమ్ముణ్ని ఇంటికి తెచ్చిన రోజు సారు వచ్చారు. చెప్పులు విడిచి గడప దగ్గర నిలబడ్డారు. అమ్మ లోపలికి రమ్మనలేదు.

"నీ మాటినే గదా సారూ, నా కొడుకు గా రేకు డబ్బా కొన్నడు! ఫారిన్ బండైతే గాలి సంచులు వస్తయంట, కాళ్ల కాడ ఇనుము గట్టిగ ఉంటదంట. అందరు చెప్తున్నరు. వాడు కూడ గదే కొంటనన్నడు. నువ్వే అడ్డం వడ్డవ్."

సారు ట్రాలీకి దీపం లేదనలేదు, వాడు వేగంగా వచ్చాడేమో అనలేదు. వంగి చెప్పులు చేతిలోకి తీసుకుని, వాటిని వేసుకోవడం కూడా మరచిపోయి అలాగే మైదానం దాటి వెళ్లిపోయారు. ఆ తర్వాత అమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే కొంగు సర్దుకుని తల తిప్పుకునేది.

అమ్మది తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేను దవాఖానలో పనిచేసేదాన్ని. ఫారిన్ బండ్లలో నుంచి కూడా మనుషుల్ని స్ట్రెచర్ మీద దించాం. డొక్కు బండిలో నుంచి చిన్న గీత కూడా పడకుండా నడిచి వచ్చినవాళ్లనూ చూశాను. కానీ తమ్ముడి కారు ముందు భాగం నలిగిన తీరు కూడా నేను చూశాను. అందులో కాలు పెట్టే చోటన్నది మిగల్లేదు. ఆ తర్వాత ఎక్కడ ఫారిన్ కారు తలుపు వేసినా, ఆ బరువైన చప్పుడుకు తిరిగి చూసేదాన్ని. ఆ చప్పుడంత గట్టి రేకు మా వాడి ముందు ఉండి ఉంటే అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక రోజు బస్‌స్టాప్‌లో సారు ఒంటరిగా కనబడితే అడిగేశాను. "నిజం చెప్పుండ్రి సార్. గా బండైతే కాలు దక్కేదా?"

"దక్కునేమో బిడ్డా. దక్కకపోవునేమో. నాకు ఎర్కలేదు. బాగుజేసుడు ఎర్క నాకు, గుద్దుకుంటే ఏమైతదో ఎర్కలేదు. ఎర్క ఉన్నట్టు చెప్పిన."

అప్పటి నుంచి ఏ బండి మంచిదని ఎవరడిగినా ఆయన ఒకటే జవాబు. "నేర్పుడు నా పని, కొనుడు మీ పని." మన బండిని ఎవరైనా వెక్కిరించినా ఎదురు మాట్లాడేవారు కాదు. తువ్వాలతో అద్దం తుడుచుకునేవారు.

తమ్ముడు గది దాటడం మానేశాడు. ఆఫీసు వాళ్లు రమ్మన్నా పోలేదు, ఇంకొకరు ఎక్కించి దించితే తప్ప కదలలేని బతుకేం బతుకని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పళ్లెం అలాగే తిరిగొచ్చేది. వాడు మళ్లీ మనుషుల్లో పడతాడో లేదోనని అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం.

అప్పుడు సారు జన్వాడ వెళ్లారు. అక్కడ ఫామ్‌హౌస్ ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఆయన, కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు, సారు దగ్గరే కారు నేర్చుకున్నాడు. ఓడలో దిగిన బండి ఆయనది, క్లచ్ లేనిది, ఎడమ కాలితో పని లేనిది. మన కార్లలో అలాంటిది అప్పట్లో మా వైపు ఎక్కడా కనబడలేదు. ఆ బండి నేర్చుకునే రోజుల్లో అద్దం దించమంటే, "ఏసీ వేసి ఉంది కదండీ మాస్టారూ" అని ఆయనా, "ఉంటే ఉండనియ్, చెయ్యి బయటికి!" అని సారూ రోజూ కొట్లాడుకునేవాళ్లు. అలాంటి మనిషి దగ్గరికి సారు వెళ్లి ఆ బండే ఇమ్మని అడిగారు.

"అదేంటండీ మాస్టారూ, మీరు అడగాలా? తీసుకెళ్లండి" అన్నాడట ఆయన.

మర్నాడు పొద్దున మైదానంలో ఆ మెరిసే కారు దుమ్ము రేపుతూ ఆగుతూ, ఎగురుతూ, మళ్లీ ఆగుతూ తిరుగుతోంది. అందులో సారు ఒక్కరే, ఈసారి పక్క సీట్లో కాదు, స్టీరింగ్ ముందు. ఎడమ కాలికి క్లచ్ వెతుక్కునే అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతిసారీ పోయి బ్రేకు మీద పడుతోంది. కాసేపటికి ఆయన కిందికి దిగి, భుజం మీది తువ్వాల తీసి, మళ్లీ కూర్చుని ఎడమ కాలును సీటుకు కట్టేసుకున్నారు.

కిటికీ దగ్గర అమ్మ నిలబడి ఉంది. "ఏం జేస్తున్నడే ఆ మనిషి?"

"కాలు కట్టేసుకుని నేర్చుకుంటుండు," అన్నాను. "తమ్మునికి నేర్పెతందుకు."

ఆ వారంలోనే సారు తమ్ముడి గదిలోకి నేరుగా వచ్చి, "లెవ్వురా, బండి తెచ్చిన" అన్నప్పుడు, వంటింటి తలుపు చాటు నుంచి అమ్మ అడ్డు చెప్పలేదు. తమ్ముడు తిట్టాడు, ఏడ్చాడు, చివరికి లేచాడు. కొన్నాళ్లకు మా వంటింట్లోకి మళ్లీ ఆ కేక వినిపించింది. "చెయ్యి! చెయ్యి బయటికి!" బియ్యం కడుగుతున్న అమ్మ విసుక్కోలేదు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాడు ఉద్యోగానికి వెళ్లాడు. జన్వాడ ఆయన కొత్త బండి తీసుకున్నప్పుడు పాతదాన్ని మా వాడే కొనుక్కున్నాడు.

ఇంత జరిగినా అమ్మ సారుతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎన్నిసార్లు బతిమాలానో! "ఒక్కసారి చాయ్ తాగి పొమ్మను అమ్మా" అంటే, "కాలు తెచ్చిస్తడా?" అనేది. ఆయనా ఎప్పుడూ నొచ్చుకోలేదు. మా గడప ముందు నుంచి పోయేటప్పుడు కాస్త నెమ్మదిగా నడిచేవారు, అంతే. ఇప్పుడు ఆ మనిషే లేడు. నాకు అమ్మ మీద కోపం రాదా మరి?

నేను ఇంటికి చేరేసరికి అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "తెలిసిందా?" అన్నాను కటువుగా. తలెత్తకుండా తెలిసిందన్నది. తమ్ముడు బండి తీశాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. తలుపు వేయబోతుంటే అమ్మ చీర మార్చుకుని వచ్చి, వాడి వెనక సీట్లో కూర్చుంది. అమ్మ ఆ కారు ఎక్కడం అదే మొదలు.

శవం ఉన్న బండి వెనక సారు పాత కారు, దాని వెనక ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల కార్లు. రేకు డబ్బాలు, ఓడ దిగినవి, అన్నీ కలిసిపోయి, ఒకటే నడకగా పోతున్నాయి. శ్మశానానికి కుడి వైపు తిరగాలి. సారు కారు ఇండికేటర్ ఆ రోజు కూడా వెలగలేదు. దాన్ని నడుపుతున్న శిష్యుడు చెయ్యి చాచాడు. దాని వెనక జన్వాడ ఆయన కొత్త కారు నల్లటి అద్దం కిందికి జారి, అందులోంచి ఒక చెయ్యి వచ్చింది. తర్వాత ఇంకొకటి. మా కారులో ఇండికేటర్ టిక్కుటిక్కుమంటూనే ఉంది. తమ్ముడు అద్దం దించి చెయ్యి బయట పెట్టాడు.

"గీ అద్దం ఎట్ల దిగుతదిరా?" అన్నది వెనక నుంచి అమ్మ.

తమ్ముడు ముందు నుంచే మీట నొక్కాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎన్నడూ స్టీరింగ్ ముట్టని మా అమ్మ, గాజుల చెయ్యి చాచి, ముంజేయి వంగకుండా బయట పెట్టింది. బండి మలుపు తిరిగింది, మట్టి రోడ్డులోకి దిగింది, ఆగింది కూడా. అమ్మ చెయ్యి లోపలికి తీసుకోలేదు.