ఎర్తు లేని ఇల్లు

నిన్న ఉదయం మా ఇంటి ముందు గుంత తవ్వారు. మా ఇల్లు అంటున్నాను గానీ అది నాది కాదు. తిరుపతిలో అలిపిరికి వెళ్ళే దారికి ఒక వీధి లోపల, మేడమీద నేను అద్దెకుండే వాటా. కింద ఉండే ఇంటాయన కొత్తగా ఏసీ పెట్టించుకుంటూ పనిలో పనిగా ఎర్తింగు కూడా చేయించాడు. ఎలక్ట్రీషియన్ గుంతలో ఇనుప పైపు నిలబెట్టి, దాని చుట్టూ బొగ్గులు ఒక వరస, కల్లుప్పు ఒక వరస పోసుకుంటూ పైకి వస్తున్నాడు. నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. మామూలుగా నేను ఎవరి పనీ నిలబడి చూడను. మా ఇంట్లో మగవాళ్ళకు, పని జరుగుతున్న చోట కుర్చీ వేయించుకుని కూర్చోవడమే తెలుసు. నిన్న కుర్చీ సంగతి గుర్తుకు రాలేదు. "ఏంది సార్, అట్ల సూస్తా ఉండారు? లంకెబిందెలేమన్నా బయటపడతాయనా?" అని నవ్వాడు అతను. తెలిసిన సంగతే అయినా, ఇది ఎందుకు పనికొస్తుందని అడిగాను. "దారి తప్పిన కరెంటునంతా నేల తాగేస్తాది సార్. ఇది లేకుంటే మనిషి తాగాల," అన్నాడు, ఉప్పు బస్తా దులుపుతూ.

నా మంచం కింద ఒక రేకుపెట్టె ఉంది. అందులో మా చిన్నాయన గిటార్‌కు తగిలించే పెడళ్ళు నాలుగున్నాయి. గోడ వారగా దుప్పటి కప్పి ఆయన ఆంప్లిఫయరు, దాని వెనక బేస్ గిటార్. నేను వాయించలేను. అమ్ముతారా అని ఒకరిద్దరు అడిగారు, నేను మాట మార్చాను.

మాది పూతలపట్టు నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లె. ఒకప్పుడు చుట్టుపక్కల మా మాట చెల్లేది. చంద్రగిరి రాజుల కాలంలో మా పెద్దలకు గుర్రాలుండేవని మా అవ్వ చెప్పేది. నేను చూసేనాటికి ఆ గుర్రాల కొట్టంలో ఎరువుల బస్తాలుండేవి, అవి కూడా పక్కింటివాళ్ళవి. చెరువు కింద మడి, ఆ తర్వాత మామిడితోట, చివరికి కళ్ళం దొడ్డి, అన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఎట్లా పోయాయో ఇక్కడ చెప్పను, మా ఇంట్లోనే ఎప్పుడూ చెప్పుకోలేదు. పోకుండా మిగిలింది ఒకటే, జాతరలో మొదటి మర్యాద. గంగమ్మ జాతర రోజు మొదటి దివిటీకి నూనె మా ఇంటి నుంచే పోవాలి, ఆ దివిటీ వెలిగేదాకా డప్పు మీద పుల్ల పడకూడదు. ఊరికి కరెంటు వచ్చాక ఈ ఆచారం కూడా కరెంటుకు మారింది. మా ఇంటి అరుగు మీది ప్లగ్గులో నుంచి గుడి ముందరికి ఒక వైరు లాగేవాళ్ళు. మా నాయన స్విచ్చి వేస్తే గుడి ముందర బల్బు వెలిగేది, అప్పుడు డప్పు మోగేది. బల్బు గుడ్డిగా వెలిగినా మోత మాత్రం గట్టిగానే ఉండేది.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, చదువుకోవడానికని మద్రాసుకు పోయి బేస్ గిటార్‌తో తిరిగి వచ్చాడు. లావుపాటి తీగలు నాలుగు ఉండే గిటార్ అది. పాట పాడదు, పాట కింద నడుస్తుంది. "ఇది ఉన్నంతసేపూ ఎవురూ పట్టించుకోర్రా. ఆపితే మాత్రం పాట కుంటతాది," అనేవాడు నాతో. తిరుపతిలో ఒక ఆర్కెస్ట్రాలో చేరి కళ్యాణ మండపాల్లో రిసెప్షన్లకు వాయించేవాడు. మేళగాళ్ళకు అరుగు కింద చాప వేసిన ఇల్లు మాది. ఆ ఇంటి బిడ్డే పరాయి పెళ్ళిపందిట్లో స్టేజీ మీద కూర్చోవడం మా నాయనకు ఎట్లా ఉండి ఉంటుందో నాకు తెలుసు. ఆయన దాని గురించి ఒక్కసారే మాట్లాడాడు. "తాంబూలం ఇచ్చే సెయ్యిరా మనది, తీసుకునే సెయ్యి గాదు." అంతే, మళ్ళీ ఎత్తలేదు. రాత్రి భోజనానికి తమ్ముడి ఆకు మాత్రం ఎప్పటిలాగే తన ఎడమ పక్కన వేయించేవాడు.

పంక్తి సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఇంట్లో కుడి చివర పెద్దవాళ్ళు కూర్చుంటారు, వడ్డన అక్కడినుంచి ఎడమకు నడుస్తుంది. వరస తప్పితే ఆకు ముందు నుంచి లేచిపోయినవాళ్ళున్నారు. పెడళ్ళు కూడా అంతేనని చిన్నాయన నాకు నేర్పాడు. పెడల్ అంటే కాలితో నొక్కే ఇనుప డబ్బా. గిటార్ నుంచి వచ్చే శబ్దం దానికి కుడి పక్క నుంచి లోపలికి పోతుంది, ఎడమ పక్క నుంచి బయటికి వస్తుంది. అక్కడినుంచి పొట్టి వైరుతో పక్క డబ్బాకు, చివరికి ఆంప్లిఫయరుకు. సెలవు రోజుల్లో నడవలో బాసింపట్టు వేసుకుని కూర్చుని వాటిని వరసగా పరిచేవాడు. "ఇది ట్యూనరు. మీ అవ్వ. ఎవురు శ్రుతి తప్పినారో మొదట ఆమే జెప్పాల, అందుకే కుడి చివర. దీని పక్కన కంప్రెసరు. ఇది మీ నాయన. ఎగిరేటోణ్ణి అణుస్తాడు, నోరులేనోణ్ణి ఎత్తుతాడు, ఇంటినంతా ఒక మట్టాన నడిపిస్తాడు. ఇది ఓవర్‌డ్రైవు. మీ తాత, కల్లు తాగినంక. గొంతు చించుకుంటాడు గానీ మాటలో బలముంటాది. చివరాఖర్న కోరసు. పెండ్లికొచ్చిన చుట్టాలు. ఒక మాటను నలుగురై అంటారు." వరస మార్చి పెట్టి వినిపించేవాడు. కోరసు ముందుకు, ఓవర్‌డ్రైవు వెనక్కు పోతే శబ్దం బురదబురదగా వచ్చేది. "సూసినావా? చుట్టాల్ని ముందు కూసోబెట్టి తాతను వెనక పెడితే ఇల్లు ఇట్లే ఉంటాది."

వరస ఎంత సరిగ్గా ఉన్నా మా ఇంట్లో ఆంప్లిఫయరు గుయ్‌మని మోగుతూనే ఉండేది. మందంగా, తెరిపి లేకుండా, పక్క గదిలో ఎవరో మూలుగుతున్నట్టు. మా తాత నాటి వైరింగులో రెండే తీగలు, మూడోది, భూమిలోకి పోయేది, లేదు. గిటార్ తీగల మీద చేయి పెడితే చీమలు పాకినట్టుండేది. ఒకసారి మా నాయన వచ్చి, "ఏందిరా ఆ మోత?" అని అడిగాడు. చిన్నాయన తల ఎత్తకుండా, "ఇంట్లో ఎర్తు లేదన్నా," అన్నాడు. "అంటే?" "అంటే భూమి. ఉన్న భూమంతా అమ్ముకుంటిమి గదా, ఇంగ ఎర్తు యాడ్నించి వస్తాది?" మా అమ్మ వంటింట్లో నవ్వు ఆపుకోవడం నాకు వినిపించింది. మా నాయన నవ్వలేదు. కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు జాతరకు ఊళ్ళో రోడ్లు వేసే కాంట్రాక్టరు పెద్ద జనరేటరు తెచ్చాడు. వాళ్ళ నాయన మా మామిడితోటలో కాపలా ఉండేవాడు. గుడి ముందర స్టేజీ, రంగు లైట్లు, చిన్నాయన వాళ్ళ ఆర్కెస్ట్రా. పొద్దు గుంకే వేళ మా నాయన, నేను ఉతికిన పంచెలు కట్టుకుని గుడి దగ్గరికి పోయాము. కాంట్రాక్టరు ఎదురొచ్చి నమస్కారం పెట్టి చాలా మర్యాదగా అన్నాడు. "పెద్దాయనా, ఇంగ మీ వైరెందుకు? మీకేల ఆ తిప్పలు? జనరేటరు ఉండాది, ఊరంతా ఎలుగే." ఎకసెక్కంగా అని ఉంటే జవాబు చెప్పడానికి వీలుండేది. మా నాయన అక్కడినుంచి కదల్లేదు. డప్పుల వాళ్ళు పుల్లలు చేతిలో పట్టుకుని ఒకసారి ఆయన వైపు, ఒకసారి కాంట్రాక్టరు వైపు చూస్తున్నారు. మా వంశానికి మిగిలిందంతా ఆ రెండు చూపుల మధ్య వేలాడుతోంది.

చిన్నాయన స్టేజీ దిగి వచ్చాడు. "లైట్లు, మైకులు ఆయన జనరేటరు మీద నడవనీన్నా. నా ఆంప్లి మనింటి వైరుకు తగిలిస్తా. మొదటి సప్పుడు నేను జేస్తా, దాని ఎనకాల డప్పు పడతాది. మనింటి కరెంటు లేకుండా జాతర మొదలైందని ఎవుడంటాడో సూస్తాం." మా నాయన గొంతు తగ్గించి, "ఎర్తు లేదంటివే?" అన్నాడు. "ఇంట్లో ఇన్నాళ్ళూ వాయించుకోలేదా ఏంది?" అన్నాడు చిన్నాయన. నిజమే. కానీ ఇంట్లో మైకు లేదు. ఒక చేయి మా ఇంటి కరెంటు మీద, పెదవి జనరేటరు మైకు మీద పెట్టిన మనిషి ఆ రెంటికీ మధ్య వైరవుతాడు. ఆ సంగతి చిన్నాయన మరిచిపోయాడో, తెలిసే తెగించాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

వైరు లాగారు. చిన్నాయన మోకాళ్ళ మీద కూర్చుని పెడళ్ళను కుడి నుంచి ఎడమకు తగిలించాడు. మా నాయన అరుగెక్కి స్విచ్చి వేసి వచ్చాడు. ఆంప్లిఫయరు గుయ్‌మంది. మా ఇంటి మోత మొదటిసారి ఊరంతా విన్నది. దాని మీద చిన్నాయన అన్నిటికంటే లావు తీగను మీటాడు. ఆ శబ్దం చెవులకు కాదు, పాదాలకు తగిలింది. డప్పు మోగింది. అప్పుడు మా నాయన తల ఎత్తిన తీరు నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత చూసే అవకాశమూ రాలేదు. మొదటి పాట అయిపోగానే చిన్నాయన, తీగల మీద ఎడమచేయి అలాగే ఉంచి, మైకు దగ్గరికి వంగాడు. "ఈ కరెంటు మా అన్న..." అన్నాడు. పెదవి మైకుకు తగిలింది. అంతవరకే వినిపించింది.

మనిషి మైకుకు అతుక్కుపోయి కొయ్యలా బిగుసుకున్నాడు. ఆటలో భాగమనుకుని ముందువరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉరికి వచ్చి, మా ఇంటి వైరును రెండు చేతులా పట్టి పీకి పారేసింది ఆ కాంట్రాక్టరే.

చిత్తూరు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. పెదవి ఒక పక్క కాలి మాట ముద్దగా వచ్చేది. ఎడమచేతి వేళ్ళ మీద తీగల అచ్చులు నల్లగా పడ్డాయి, వాటిలో రెండు వేళ్ళను మళ్ళీ చాపలేకపోయాడు. ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకు కాంట్రాక్టరు పళ్ళు తీసుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోకుండా, "పెద్దాయనా, ఎర్తు గుంత ఒకటి నేను తవ్విస్తాను. ఒక పూట పని," అన్నాడు. మా నాయన అక్కరలేదన్నాడు. అతను వెళ్ళాక నాతో అన్నాడు. "ఇప్పుడు మన వాకిట్లో గుంత తవ్వితే అది గుంత గాదురా, శాసనం. తప్పు ఈ ఇంటిదేనని ఊరంతా సదువుకుంటాది." నేను ఎదురు చెప్పలేదు. మా నాయనను తప్పు పట్టేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు మా ఇంట్లో పుట్టలేదు. మరుసటి ఏడు జాతరకు వైరు కావాలని ఎవరూ రాలేదు. మేము తలుపులు వేసుకుని కూర్చున్నాము. డప్పు మోగిన మోత లోపలికి బాగానే వినిపించింది.

ఆర్కెస్ట్రా పోయింది, కుడిచేయి మిగిలింది. సాయంత్రాలు చిన్నాయన గిటార్ ఒళ్ళో పెట్టుకునేవాడు, కానీ పెడళ్ళలోకి వైరు కొస పట్టి దూర్చే పట్టు ఎడమచేతికి లేదు. ఒకరోజు నేను నడవలోకి వచ్చేసరికి మా నాయన నేలమీద వంగి కూర్చుని వాటిని తగిలిస్తున్నాడు. దేవుడి ముందర తప్ప ఆయన నడుము వంగడం నేను ఎరగను. చిన్నాయన చూస్తూ, ఆ ముద్ద మాటతోనే, "అన్నా, కోరసు ముందర పెట్టినావే. చుట్టాల్ని తెచ్చి అవ్వ పక్కన కూసోబెట్టినావు," అన్నాడు. మా నాయన వైరు పీకి వరస మార్చాడు. ఆ తర్వాత రోజూ అదే జరిగేది. అన్న తగిలించేవాడు, తమ్ముడు ఎడమచేత్తో నొక్కి పట్టే పని లేకుండా లావు తీగ ఒక్కదాన్ని కుడిచేత్తో మీటేవాడు, ఇద్దరూ వినేవాళ్ళు. మీటింది అణిగిపోయాక మిగిలేది ఆ గుయ్‌మనే మోతే. ఒక వానాకాలంలో చిన్నాయన పోయాడు. మా నాయన మళ్ళీ వాన చూడలేదు. ఇల్లు తలుపులతో సహా పోయింది.

నిన్న ఎలక్ట్రీషియన్ వెళ్తూ, "మీ మేడమీదకు గూడా మూడో తీగ లాగినాను సార్. ఇంగ ఏం తగిలిచ్చుకున్నా భయం లేదు. ఎండాకాలం గుంతలో నీళ్ళు పోస్తా ఉండండి, ఎండితే పని జెయ్యదు," అని చెప్పాడు. సాయంత్రం తలుపు వేసుకుని రేకుపెట్టె బయటికి లాగాను. అవ్వ, నాయన, తాత, చుట్టాలు. కుడి నుంచి ఎడమకు కూర్చోబెట్టి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. పెడళ్ళ మీద ఎర్రదీపాలు వెలిగాయి. మోత లేదు. ఆంప్లిఫయరు చెడిపోయిందనుకున్నాను. లావు తీగను మీటితే గది నేల అదిరింది. కింది నుంచి ఇంటాయన, "ఏంది సార్, లారీ ఏమన్నా ఎక్కించినారా పైకి?" అని కేకేశాడు. వేళ్ళ మీద చీమలు పాకలేదు. మీటింది అణిగిపోయాక ఏమీ మిగల్లేదు. ఆ ఏమీ లేనిదాన్ని వింటూ చాలాసేపు కూర్చున్నాను.

ఈ ఉదయం చెంబుతో నీళ్ళు తీసుకుని కిందికి దిగి, వంగి, ఆ గుంతలో పోశాను. గుటగుటమని తాగేసింది. కాంట్రాక్టరు చెప్పింది నిజమే, ఒక పూట పని. ఆ పూట మా ఇంటికి రావడానికి మాత్రం మనుషులంతా అయిపోయేంత కాలం పట్టింది.