ఏ కన్నమైనా ఒకటే అన్నాను

ఏడేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. ఈ రోజు మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, అదే నా ధైర్యం. మాటలు తోసుకొస్తున్నాయి. భయమనుకునేరు, కాదు. ఎట్టకేలకు చెప్పబోతున్నానన్న ఉత్సాహం!

మచిలీపట్నంలో, గిలకలదిండి దారిలో, ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టే పని నాకొచ్చింది. కంప్యూటర్లు, కెమెరాలు, అన్నిటి వైర్లూ వచ్చి చేరే పెట్టె అది. కొత్త రకం. వైరు గుచ్చగానే అవతల ఉన్నది కెమెరానా ఫోనా అని తనే గుర్తుపట్టి, చేరాల్సిన చోటికి చేరుస్తుంది. గుడివాడ నుంచి బస్సులో వస్తూ దారంతా దాని గురించే ఆలోచించేదాన్ని. అంత పిచ్చి!

ఒక్కటే చిక్కు. తానెవరో చెప్పుకునే పరికరాన్నే అది గుర్తుపడుతుంది. గదిలో చలి తగ్గితే మేనేజరు ఫోనుకు కబురు పంపే అలారం మాత్రం పాతది, మూగది. అందుకని వైర్లు గుచ్చే కన్నాల్లో ఏడోదాంట్లో దానికి నేనే చేత్తో దారి వేశాను. వైరు ఆ కన్నంలో ఉంటేనే కబురు వెళ్తుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు? నా ముద్దుల స్విచ్‌కు లోపముందని ఒప్పుకోవడం ఇష్టం లేక. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు నత్తి దాచినట్టు దాచాను.

కొబ్బరికాయ కొట్టారు. తలా ఒక వైరు గుచ్చి చూశారు. అన్నీ పనిచేశాయి, చప్పట్లే చప్పట్లు! గదులు చూసుకునే యేసురత్నం గారు మాత్రం నెమ్మదిగా అడిగారు.

“కడిగేటప్పుడు వైర్లు తియ్యాల్సి వచ్చుద్దమ్మా. మళ్లీ ఏ కన్నంలో పెట్టాలి?”

“ఏ కన్నమైనా ఒకటే బాబాయ్. అదే చూసుకుంటుంది!”

నెల తిరక్కుండా ఆయన గది కడిగి, అలారం వైరును వేరే కన్నంలో పెట్టారు. నేను చెప్పినట్టే. ఆ ఆదివారం చలి యంత్రం ఆగింది. కబురు వెళ్లలేదు. సోమవారం తలుపు తీస్తే రొయ్యలన్నీ కుళ్లి కంపు. వైరు ఎవరు మార్చారని యజమాని నన్ను అడిగారు. “ఆయనేనండీ” అన్నాను.

నిజమే కదా? ఆ ముక్క పట్టుకునే ఇన్నేళ్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను, అబద్ధమైతే ఆడలేదు, కాస్త తక్కువ చెప్పానంతే అని. ఆయన అక్కడే ఉన్నారు. అమ్మాయే చెప్పిందండీ అని ఒక్క మాట అనొచ్చుగా? అనలేదు. ఆ రోజే ఆయన్ని పనిలోంచి తీసేశారు. నేను సిగ్గు లేకుండా బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఈ ఉదయం నంబరు సంపాదించి ఫోన్ చేశాను. హంసలదీవిలో కూతురి దగ్గర ఉంటున్నారట. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగారు.

“అయితే ఆ రోజు నేను తప్పు చెయ్యలేదామ్మా? నేనే ఏదో పాడు చేశాననుకున్నా ఇన్నాళ్లూ.”

“మీరేం చేయలేదు బాబాయ్. తప్పు నాది.”

ఫోన్ పెట్టేశారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఎంత తేలిగ్గా ఉందో! నా తప్పును ఏడేళ్లు ఆయన కూడా మోశారని తెలిశాక, ఇలా తేలికపడే హక్కు నాకుందా? తెలియదు. చెప్పేశాను.